క్వాడ్ 303 మెత్తదనం సర్క్యూట్‌దా, వయసుదా?

శ్రుతిప్రియ (ప్రశ్న):

నమస్కారం. నేను ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్నాను. గత నెల ఇక్కడే ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మిన క్వాడ్ 303 పవర్ ఆంప్లిఫయర్‌ను కొన్నాను. దాని నాలుగు పిన్నుల డిన్ సాకెట్టుకు సరిపడే కేబుల్ సంపాదించి, ప్రీఆంప్లిఫయర్ ద్వారా సీడీ ప్లేయరుకు కలిపాను. బాలమురళీకృష్ణ గారి కచేరీలు పెడితే నా కొత్త ఆంప్లిఫయర్‌లో కంటే గాత్రం దగ్గరగా, నిండుగా, మెత్తగా వినిపిస్తోంది. అయితే మృదంగం తొప్పి (మంద్రంగా మోగే ఎడమ వైపు) నాదం కొంత వదులుగా ఉంది, ఆ వదులు కుడి ఛానెల్ కంటే ఎడమ ఛానెల్‌లో ఎక్కువ. పాత ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లకు వాటిదంటూ ఒక నాదగుణం నిజంగా ఉందా? లోపలి కెపాసిటర్లు మార్పిస్తే ఈ మెత్తదనం పోతుందని ఒక మిత్రుడు భయపెడుతున్నారు. నా స్పీకర్లు పేరుకు 4 ఓములవి.

పాతరేడియో:

శ్రుతిప్రియ గారూ, మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఆంప్లిఫయర్‌కు పుట్టుకతో వచ్చిన గుణం ఒకటి, వయసు తెచ్చిపెట్టినది మరొకటి. క్వాడ్ సంస్థ స్థాపకుడు పీటర్ వాకర్ రెండు ఛానెళ్లకూ ఒకే సర్క్యూట్ ఇచ్చారు. మీకు ఎడమా కుడీ వేరుగా వినిపిస్తున్నాయంటే అందులో కొంతైనా వయసు పనే అయి ఉండాలి.

303 వచ్చింది 1967లో. ఛానెల్‌కు 8 ఓముల లోడులో 45 వాట్లు ఇస్తుంది. మొత్తం యంత్రం ఒకే 67 వోల్టుల రెగ్యులేటెడ్ సప్లై మీద నడుస్తుంది కాబట్టి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల నడిమి బిందువు వద్ద దాదాపు 33 వోల్టుల డీసీ ఎప్పుడూ ఉంటుంది. అది స్పీకరులోకి పోకుండా ఒక్కో ఛానెల్‌కు 2000 మైక్రోఫారడ్ల ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్‌ను అడ్డుపెట్టారు. లెక్క వేస్తే, 8 ఓముల స్పీకరుతో ఆ కెపాసిటర్ 10 హెర్ట్జ్ వద్ద 3 డెసిబెల్స్ తగ్గిస్తుంది, 4 ఓములతో 20 హెర్ట్జ్ వద్ద. ఇంతవరకు సంగీతానికి పెద్ద నష్టం లేదు. కానీ ఏళ్ల తరబడి ఎండిన కెపాసిటర్ విలువ సగానికి పడిపోతే మీ స్పీకర్లకు ఆ కోత 40 హెర్ట్జ్ దాకా ఎగబాకుతుంది, దాని ప్రభావం ఇంకా పై స్వరాలను కూడా కొంత తాకుతుంది, కెపాసిటర్ లోపలి నిరోధమూ పెరుగుతుంది. మీ ఎడమ ఛానెల్ కథ ఇదేనని నా అనుమానం.

పుట్టుకతో వచ్చిన గుణం కూడా లేకపోలేదు. 303 అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (ఆంప్లిఫయర్ వైపు నుంచి స్పీకరుకు వరుసలో పడే నిరోధం) సుమారు 0.3 ఓములు, ఇప్పటి ఆంప్లిఫయర్లలో ఇది చాలా తక్కువ. మీ స్పీకరు ఇంపీడెన్స్ ఒక స్వరం దగ్గర 3.2 ఓములకు దిగి, మరొకచోట 20 ఓములకు ఎక్కితే, ఆ రెండు చోట్ల స్థాయిలో 0.65 డెసిబెల్ తేడా వస్తుంది. చిన్నదే అయినా గాత్రం పలికే ప్రాంతంలో పడితే శ్రద్ధగా వినేవారు పట్టుకోగలరు.

కాబట్టి కెపాసిటర్లు మార్పించండి. ఎండిన కెపాసిటర్ తెచ్చిన గుణమైతే పోనివ్వండి, ఆ 0.3 ఓము ఎక్కడికీ పోదు. మార్చాక సిరీస్ బల్బు (లోపల తప్పుంటే కరెంటును అదుపు చేసేలా వరుసలో కలిపే బల్బు) పెట్టి మొదటిసారి ఆన్ చేయించండి. తర్వాత సర్వీస్ మాన్యువల్ దగ్గర పెట్టుకుని ముందు 67 వోల్టులు, ఆపైన ఒక్కో ఛానెల్ నడిమి వోల్టేజి, చివర బయాస్ కరెంట్ (సిగ్నల్ లేనప్పుడూ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే చిన్న కరెంట్) సరిచేయాలి. సప్లై తప్పుగా ఉంటే మిగిలిన రెండూ తప్పుతాయి.

నెమ్మది:

పై వివరణను ఒప్పుకుంటూనే, అంతకంటే మామూలు కారణం ఒకటి చెప్తాను. 303కు పూర్తి శక్తి రావడానికి ఇన్‌పుట్‌లో అర వోల్టు చాలు, అంటే దాదాపు 38 రెట్ల గెయిన్ (సిగ్నల్ వోల్టేజిని పెంచే నిష్పత్తి). ఇప్పటి చాలా ఆంప్లిఫయర్లకు గెయిన్ 20 రెట్ల చుట్టుపక్కల ఉంటుంది. వాల్యూమ్ నాబ్‌ను కదపకుండా కేబుళ్లు మాత్రమే మార్చి వింటే 303 ఐదు డెసిబెల్స్‌కు పైగా బిగ్గరగా మోగుతుంది, బిగ్గరగా మోగేది నిండుగా, దగ్గరగా తోస్తుంది. మీరు వాడిన మూడు మాటల్లో రెండు అవే! పైగా సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది, కాబట్టి నాబ్ కొద్దిగా తిప్పినా క్లిప్పింగ్ (శక్తి చాలక సిగ్నల్ శిఖరాలు తెగిపోవడం) దగ్గరకు వెళ్లిపోతారు.

స్పీకరు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి, 400 హెర్ట్జ్ టోన్ మోగిస్తూ రెండు ఆంప్లిఫయర్ల వోల్టేజినీ ఒక శాతం లోపు సమం చేయండి. ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంట్లో ఎవరితోనైనా మార్పిస్తూ వినండి. 1978లో క్వాడ్ సంస్థే వాల్వుల క్వాడ్ 2ను, 303ను, 1975లో తెచ్చిన 405ను ఇలాగే పేర్లు చెప్పకుండా వినిపించింది. అలవాటైన శ్రోతలు కూడా వాటిని వేరుచేయలేకపోయారని జేమ్స్ మోయిర్ వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో రాశారు.

తంత్రీనాదం:

నెమ్మది గారి మాటను పట్టుకుని పాత ఆంప్లిఫయర్లన్నీ ఒకటేనని అనుకుంటే పొరపాటు. ఆ పరీక్షలో ఉన్న మూడూ మంచి స్థితిలో ఉన్న మంచి యంత్రాలు. 1960లలో అధిక శక్తి గల పీఎన్‌పీ సిలికాన్ ట్రాన్సిస్టర్లు (మామూలు ఎన్‌పీఎన్‌లకు ఎదురు ధ్రువాలతో పనిచేసే రకం) అరుదు, ఖరీదు కూడా. అందువల్ల పై సగానికీ కింది సగానికీ ఎన్‌పీఎన్‌లనే వాడే క్వాసీ కాంప్లిమెంటరీ పద్ధతి నడిచింది. ఆ రెండు సగాలూ ఒకేలా ప్రవర్తించవు. ఒకటి ఆగి మరొకటి అందుకునే చోట, ముఖ్యంగా బయాస్ తగ్గితే, క్రాసోవర్ డిస్టార్షన్ పుడుతుంది. సిగ్నల్ తగ్గినా ఆ లోపం అదే నిష్పత్తిలో తగ్గదు కాబట్టి చిన్న శబ్దాల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. ఆ రోజుల్లో ట్రాన్సిస్టర్ నాదం గరుకని పేరు రావడానికి ఇదొక ముఖ్య కారణం. 1969లో జాన్ లిన్స్‌లీ హుడ్ ప్రచురించిన 10 వాట్ల క్లాస్ ఎ (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ ఆగకుండా నడిచే) సర్క్యూట్ ఈ అందిపుచ్చుకోవడాన్నే లేకుండా చేసింది, వేడిని భరించాల్సి వచ్చినా.

303 కూడా క్వాసీ కాంప్లిమెంటరీయే. కానీ ఒక్కో సగంలో మూడు ట్రాన్సిస్టర్లను ఒక జట్టుగా కట్టడం వల్ల అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ వేడెక్కినా బయాస్ అంతగా కదలదు. మీ పెట్టెలో అది సరిగ్గా ఉందో లేదో చెవితో చూడాలంటే ఆలాపన ముగిశాక తంబుర ఒక్కటే మోగే క్షణాలను తక్కువ శబ్దంలో వినండి. తీగ నాదం సన్నగిల్లే కొద్దీ గరుకు పెరిగితే బయాస్ తప్పినట్టే.

శ్రుతిప్రియ:

మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అందరికీ కృతజ్ఞతలు. కెపాసిటర్లు మార్పించాను, విప్పిన వాటిలో ఎడమ ఛానెల్ కెపాసిటర్ 1150 మైక్రోఫారడ్లు, కుడిది 1800 చూపించాయి. మార్చాక తొప్పి రెండు వైపులా గట్టిగా పలుకుతోంది. తంబురలో గరుకు లేదు. వోల్టేజి సమం చేసి మా అమ్మాయితో పదహారుసార్లు మార్పించి విన్నాను, తొమ్మిది సార్లు సరిగ్గా చెప్పాను, అంటే చెప్పలేకపోయానన్నమాటే. మెత్తదనం గురించి ఇక వాదించను. కొత్త కెపాసిటర్లు (2200 మైక్రోఫారడ్లు, 63 వోల్టులు) పాత వాటి కంటే సన్నగా ఉండి క్లాంపులో కదులుతున్నాయి. రబ్బరు చుట్టి బిగించవచ్చా?

పాతరేడియో:

బిగించవచ్చు, కానీ కెపాసిటర్ పై మూతలోని వెంట్ (లోపలి ఒత్తిడి బయటకు పోయే చోటు) మూసుకుపోకుండా చూడండి. నైలాన్ టై ఒకటి అదనంగా వేస్తే చాలు.