లోతు లేని పాత్రల్లో మొక్కలు బతుకుతాయా?

తడిమన్ను:
మూలపడ్డ బేకింగ్ ట్రే ఒకటి ఉంటే బయట మెట్ల మీద పెట్టి మొక్కలు వేశాను. లోతు మూడు అంగుళాలు. అడుగున మేకుతో ఆరు చిల్లులు కొట్టాను, అంగుళం మందాన గులకరాళ్లు పరిచాను, పైన మట్టి. పది రోజుల్లో అన్నీ పసుపుబారి వాలిపోయాయి. పైమట్టి ఎండి బీటలు వారింది. పెకిలించి చూస్తే వేళ్లు కుళ్లి కంపు కొడుతున్నాయి. నీళ్లు తక్కువయ్యాయా, ఎక్కువయ్యాయా?

వానపాము:
రెండూనండి! ముందు ఆ గులకరాళ్లు తీసేయండి. మట్టి అడుగు బాగా నానితే తప్ప నీళ్లు రాళ్లలోకి దిగవు. ఆ నానిన పొర మందం మట్టి రకాన్ని బట్టి ఉంటుంది, పాత్ర లోతును బట్టి కాదు. లోతైన కుండీలో వేళ్లకు దాని పైన బోలెడు చోటుంటుంది. మీ ట్రేలో రాళ్లు పోగా మిగిలిన రెండు అంగుళాల్లో చాలాభాగం ఆ పొరే. నమ్మకం లేకపోతే గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి అరచేతిలో పడుకోబెట్టండి. కారడం ఆగాక నిలువుగా తిప్పి పట్టుకోండి.

కుండీలపిచ్చి:
ఇప్పుడే చేసి చూశాను. ఆగిపోయిన నీళ్లు మళ్లీ కారి చొక్కా తడిసింది. ఇన్నేళ్లుగా గులకరాళ్లు కడిగి మరీ వేస్తున్నాను, ఎవరికి చెప్పుకోను!

ఎండమావి:
అందుకే నా ట్రేకు ఒక చివర కింద చెక్కముక్క పెట్టి వాలుగా ఉంచుతాను. చిల్లులు పల్లం వైపు ఉండాలి. నీళ్లు పోసిన ప్రతిసారీ ఎంత కారుతుందో చూస్తే మీకే తెలుస్తుంది. ఇక పైమట్టి ఎండడానికి కారణం రేకు. మధ్యాహ్నం దాని అంచు మీద వేలు పెట్టలేం. నా ట్రేలో ముందు మాడినవి అంచు మొక్కలే. ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చాక తేరుకున్నాయి.

గడ్డిపూవు:
ఏ మొక్కలు వేశారో చెప్పలేదు. రెండు మూడు అంగుళాల్లో సీడమ్ (దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్క), నాచుపూలు హాయిగా బతుకుతాయి. ఆకుకూరలకు ఆరు అంగుళాలైనా ఉంటే మంచిది. టమాటా ఊసే ఎత్తకండి. కప్పు కేకుల ట్రేలో కూడా వేసి చూశాను, ఒక్కో గుంటలో గుప్పెడు మట్టి, మధ్యాహ్నానికి పొడి. నారు పోయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అన్నిటికంటే బాగా కుదిరింది కూరగాయలు కడిగే చిల్లుల గిన్నె. చిల్లులు కొట్టే పని లేదు, లోపల పాత గుడ్డ పరిస్తే మట్టి జారదు. రంగు పెచ్చులూడే పాత సామాను మాత్రం తినే మొక్కలకు వద్దు, ఆ రంగులో సీసం ఉండొచ్చు.

తడిమన్ను:
వేసింది ఆకుకూరే, తప్పు నాదే. వెడల్పాటి బాణలి కూడా ఒకటి ఉంది. దానికి మేకు దిగడం లేదు.

వానపాము:
పోత ఇనుమైతే సుత్తితో కొట్టకండి, పగులుతుంది. డ్రిల్లు వాడాలి. గుండ్రటి అడుగు కాబట్టి నట్టనడుమ, అన్నిటికంటే పల్లంలో చిల్లు పడాలి. ఇంకో మాట, ట్రేకు చిల్లులు ఏ వైపు నుంచి కొట్టారు?

తడిమన్ను:
బోర్లించి, బయటి నుంచి.

వానపాము:
అయితే రేకు లోపలికి లేచి ఉంటుంది. ఒకసారి తడిమి చూడండి.

తడిమన్ను:
మట్టి తీసి చూశాను. ప్రతి చిల్లు చుట్టూ గోరంత ఎత్తున రేకు గట్టు కట్టి ఉంది. గట్ల మధ్య నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. పట్టకారుతో వంచుతున్నాను.