అప్‌డేట్: దుందుభి వాగు పొంగి అమ్మ డయాలసిస్ ఆగిన విషయం

వాగు పొంగి కాజ్‌వే మునిగిపోవడంతో, వారానికి మూడుసార్లు డయాలసిస్ అవసరమయ్యే మా అమ్మను అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి ఎలా చేర్చాలని గత వారం ఇక్కడ అడిగాను. స్పందించిన వారందరికీ కృతజ్ఞతలు. అమ్మ ఇప్పుడు క్షేమంగా ఉన్నారు.

వాగు దాటే ప్రయత్నం మాని, మా వైపునే ఉన్న మరో ప్రభుత్వ డయాలసిస్ కేంద్రంలో అడగమన్న సలహాయే పనికొచ్చింది. పాత కేంద్రంవారు హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షల రిపోర్టును, చివరిసారి రాసుకున్న డ్రై వెయిట్‌ను (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువును) వాట్సాప్‌లో పంపారు. ఆ రిపోర్టు చూడనిదే ఏ యంత్రంపై పెట్టాలో నిర్ణయించలేమని కొత్త కేంద్రంవారు స్పష్టంగా చెప్పారు. 108 వాహనం బురద దాటి ఊళ్లోకి రాలేకపోతే, తమ్ముడు ట్రాక్టరు ట్రాలీలో పరుపు పరిచి, పైన టార్పాలిన్ పట్టించి, అమ్మను తారురోడ్డు దాకా తెచ్చాడు.

ఒక విడత తప్పడంతో ఒంట్లో నీరు చేరి ఆయాసం వచ్చిందని డాక్టరు గారు తేల్చారు. రక్తంలో పొటాషియం కూడా బాగా పెరిగింది. అది అంతగా పెరగడంలో మాత్రం, నీరసంగా ఉందని మేమే తాగించిన రెండు కొబ్బరిబోండాల పాత్ర ఉందన్నారు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పడవ కోసమూ, కొత్త ఆదాయ ధ్రువపత్రం కోసమూ తిరిగిన ఒకటిన్నర రోజు వృథా. పాత ఆరోగ్యశ్రీ కార్డే అక్కడా చెల్లింది. నీరు తగ్గినా కాజ్‌వే ఒక పక్క కోసుకుపోయినందున, ఈ నెలంతా కొత్త కేంద్రంలోనే డయాలసిస్ చేయిస్తున్నాము.