సిప్ తనిఖీ ఆపాక వీల్యాన్‌ల మధ్య కాల్స్‌లో మాట వినిపించడం లేదు

ప్రశ్న:
మా కార్యాలయంలో డెస్క్ ఫోన్లు ఒక వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లో వేరు చేసిన భాగంలో), సాఫ్ట్‌ఫోన్లు (ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రాంలు) ఉన్న కంప్యూటర్లు మరొక దానిలో, కాల్స్ కలిపే ఆస్టరిస్క్ సర్వర్ మూడో దానిలో ఉన్నాయి. మూడింటి మధ్యా సిస్కో ఏఎస్ఏ ఫైర్‌వాల్ ఉంది. బయటి కాల్స్ సరిగ్గా 32 సెకన్లకు తెగిపోతుండడంతో, ట్రంక్ (బయటి కాల్స్ లైను) ఇచ్చిన సంస్థ సూచన మేరకు ఫైర్‌వాల్‌లో సిప్ తనిఖీని (కాల్‌ను కుదిర్చే సిప్ సందేశాలను ఫైర్‌వాల్ చదివి సవరించడాన్ని) ఆపివేశాము. ఆ ఇబ్బంది తీరింది. కానీ ఇప్పుడు కంప్యూటర్ నుంచి డెస్క్ ఫోన్‌కు చేస్తే రింగవుతుంది, అవతలివారు ఎత్తుతారు, ఇద్దరికీ ఏమీ వినిపించదు. డెస్క్ ఫోన్ల మధ్య కాల్స్, వాయిస్‌మెయిల్ బాగానే ఉన్నాయి. ఫోన్లకూ సర్వర్‌కూ మధ్య యూడీపీ అనే ప్యాకెట్ రవాణా పద్ధతికి అనుమతి ఉంది. లోపం ఎక్కడ ఉండవచ్చు?

జవాబు 1:
వాయిస్‌మెయిల్ వినిపిస్తోందన్న మాటలోనే ఆచూకీ ఉందండి: అది ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్యే నడుస్తుంది, అక్కడ మీరు అనుమతి ఇచ్చారు. 5060 పోర్ట్‌పై నడిచే సిప్ కాల్‌ను కుదర్చడం వరకే చేస్తుంది. మాట ఆర్‌టీపీ రూపంలో, కాల్ కాల్‌కూ మారే యూడీపీ పోర్ట్‌లపై విడిగా వెళుతుంది. ఆ పోర్ట్‌లేవో కాల్‌కు పిలిచే ఇన్వైట్ సందేశంలోనూ, ఎత్తినప్పుడు దానికి జవాబుగా వచ్చే 200 ఓకేలోనూ ఉండే ఎస్‌డీపీ అనే వివరాల భాగం చెబుతుంది. తనిఖీ నడిచినన్నాళ్లూ ఫైర్‌వాల్ ఆ వరుసలు చదివి, ఆ కాల్‌కు కావలసిన దారిని తానే తెరిచి, కాల్ ముగిశాక మూసేది. మీ ఆస్టరిస్క్‌లో డైరెక్ట్ మీడియా ఆన్‌లో ఉన్నట్లుంది: కాల్ కలిశాక సర్వర్ పక్కకు తప్పుకుని, రెండు ఫోన్లనూ నేరుగా మాట్లాడుకోమంటుంది. ఒకే వీల్యాన్‌లో అయితే ఆ ప్యాకెట్లు ఫైర్‌వాల్ గడప తొక్కవు. వీల్యాన్ దాటాల్సి వచ్చినప్పుడు మాత్రం అనుమతించే నియమం లేక అక్కడే ఆగిపోతాయి. కాల్ నడుస్తుండగా లాగ్ చూడండి, ఆ రెండు ఫోన్ల చిరునామాల మధ్య యూడీపీ డినై (నిరాకరణ) వరుసలు కనిపించాలి.

జవాబు 2:
ఆస్టరిస్క్‌లోని ఎండ్‌పాయింట్ (ఒక్కో ఫోన్) అమరికల్లో డైరెక్ట్ మీడియాను ఆపితే మాట అంతా సర్వర్ మీదుగానే వెళుతుంది. అప్పుడు యూడీపీ అంతా వదలనక్కరలేదు. ఆర్‌టీపీ అమరికల్లో ఉన్న పరిధిని, సాధారణంగా 10000 నుంచి 20000 వరకు, అనుమతిస్తే చాలు. జీ.711 కోడెక్ (మాటను అంకెలుగా మార్చే పద్ధతి) వాడే కాల్‌కు ఒక్కో దిశలో ఈథర్‌నెట్‌పై సెకనుకు 87 కిలోబిట్లకు అటూ ఇటూగా పడుతుంది కనుక చిన్న కార్యాలయంలో సర్వర్‌కు అదొక భారం కాదు. ఇక 32 సెకన్ల సంగతి: 200 ఓకేకు ఏక్ (అందిందన్న సందేశం) రాకపోతే, సిప్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 3261 ప్రకారం 64 అర సెకన్లు, అంటే 32 సెకన్లు, చూసి, కాల్ ఎత్తిన పక్షమే దాన్ని ముగిస్తుంది. తనిఖీ చిరునామాలను తప్పుగా తిరగరాసినందువల్లే ఏక్ దారి తప్పి ఉంటుంది.

జవాబు 3:
తనిఖీని పూర్తిగా మానుకోనక్కరలేదు. క్లాస్ మ్యాప్‌తో (ట్రాఫిక్‌ను ఎంచుకునే ఫైర్‌వాల్ అమరికతో) ట్రంక్ ట్రాఫిక్‌ను మినహాయించి, వీల్యాన్‌ల మధ్య మాత్రం ఉంచుకోవచ్చు. అయితే సిప్‌ను 5061 మీద టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌లోకి మార్చిన నాడు ఎస్‌డీపీ గుప్తమై, మామూలు తనిఖీకి చదవడానికి ఏమీ దొరకదు.

ప్రశ్న అడిగినవారు:
డినై వరుసలు దొరికాయి. టీఎల్‌ఎస్‌కు మారే ఆలోచన ఉన్నందున రెండో జవాబులోని మార్గాన్నే పాటించాము. కంప్యూటర్ల నుంచి డెస్క్ ఫోన్లకు ఇప్పుడు మాట వినిపిస్తోంది.