అప్‌డేట్: ఫెల్ట్ గుమ్మడికాయలు ఇప్పుడు వాలిపోవట్లేదు

హాలోవీన్ తోరణానికి ఫెల్ట్‌తో (పీచుని ఒత్తి చేసే మందపాటి గుడ్డ) రెండు పొరల మధ్య దూది కూరి చేసిన గుమ్మడికాయలు ముందుకు వాలిపోతున్నాయని, జిగురు మరకలు పైకి తేలుతున్నాయని అడిగాను కదా. రెండూ తీరాయి.

వేలాడదీసే తోరణం దారాన్ని కాయ నడిమధ్యలో గుచ్చడమే నా పొరపాటు. పైఅంచున, రెండు పొరల మధ్యగా, వేలెడు ఎడంతో రెండు చోట్ల గుచ్చితే బుద్ధిగా నిలబడ్డాయి. దూది కూడా సగానికి తగ్గించా.

జిగురు మానేసి అంచంతా నల్లదారంతో బ్లాంకెట్ స్టిచ్ (అంచు చుట్టూ వేసే కుట్టు) వేశాను. ఫెల్ట్ నేసిన బట్ట కాదుగా, పోగులు ఊడవు, అంచు మడవక్కర్లేదు. కళ్ళు, నోరు మాత్రం దూది కూరకముందే కుట్టుకోవాలి. ఇది మూడోకాయకి గానీ బుర్రకెక్కలేదు!

ఒకదానికి నోరు తలకిందులుగా పడింది. విప్పలేదు, ఏడుపుమొహంతో అదే బాగుంది. అక్టోబర్ 31కి తోరణంలోకి ఇంకా నాలుగు గబ్బిలాలు కుట్టడం బాకీ.