బీపీ ఉన్న అందరికీ ఆల్డోస్టిరాన్ టెస్టు చేయించాలా?

కుకట్‌పల్లి కుర్రాడు:
మా అన్నయ్యకి 36 ఏళ్ళు. మూడు రకాల బీపీ బిళ్ళలు వేసుకుంటున్నా 150/95 కంటే కిందికి దిగడం లేదు. ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, ఒంట్లో ఉప్పుని, బీపీని నడిపే ఆల్డోస్టిరాన్, రెనిన్‌ల పరీక్షలు రాశారు. మందులకి లొంగని బీపీకి ఇవి చేయాలన్నది పాత మాటే కాబట్టి దాని మీద పేచీ లేదు. నా సందేహం అమ్మ గురించి. ఆవిడ బీపీ ఒక్క బిళ్ళతో అదుపులో ఉంది. కానీ అమెరికాలోని హార్మోన్ల నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, బీపీ ఉన్న ప్రతివారికీ ఈ టెస్టు చేయమని సూచించింది. అదే సొసైటీ 2016లో మందులకి లొంగనివాళ్ళు, పొటాషియం తక్కువున్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పక్షవాతం వచ్చినవాళ్ళు, ఇలా కొందరికే చాలంది. ఇంతలో ఏం మారింది? మన దగ్గర ఇది జరిగే పనేనా?

ఎండోక్రైన్ పీజీ:
ఈ టెస్టు పట్టేది ప్రైమరీ ఆల్డోస్టిరోనిజం అనే జబ్బుని. కిడ్నీ మీద ఉండే అడ్రినల్ గ్రంథి అవసరం లేకపోయినా ఆల్డోస్టిరాన్ హార్మోన్ వదులుతూ ఉండటమే ఇది. జబ్బు అదే, లెక్క మారింది. 1955లో మిషిగన్ యూనివర్సిటీలో జెరోమ్ కాన్ దీన్ని వివరించినప్పుడు ఆయన చూసిన పేషెంటు 34 ఏళ్ళ మహిళ. పొటాషియం బాగా పడిపోయి ఆమెకి కండరాలు పట్టేసేవి. ఆ కేసు పుణ్యమా అని, పొటాషియం తక్కువుంటేనే ఈ జబ్బుని అనుమానించడం డాక్టర్లకి అలవాటైపోయింది. చాలా అరుదైనదని చదువుకున్నాం. వెతకడం మొదలుపెట్టాక అరుదు కాదని తేలింది. ఇటలీలోని ట్యూరిన్‌లో ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికి వచ్చే 1,672 మంది బీపీ పేషెంట్లని పరీక్షిస్తే 99 మందికి ఈ జబ్బు ఉంది. అంటే 5.9 శాతం. 2017లో వచ్చిన లెక్క ఇది. వీళ్ళలో ఎక్కువమందికి పొటాషియం మామూలుగానే ఉంది.

అసలు జరిగేదేమిటంటే, ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే కిడ్నీ రెనిన్ వదులుతుంది. దాని వల్ల యాంజియోటెన్సిన్ తయారై, అది అడ్రినల్ గ్రంథిని తట్టి ఆల్డోస్టిరాన్ విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టిరాన్ కిడ్నీలో సోడియాన్ని పట్టి ఉంచి, పొటాషియాన్ని మూత్రంలోకి పంపేస్తుంది. ఉప్పు సరిపోయాక రెనిన్ తగ్గాలి, దాంతో ఆల్డోస్టిరాన్ కూడా తగ్గాలి. ఈ జబ్బులో రెనిన్ అడుగంటినా ఆల్డోస్టిరాన్ మాత్రం వస్తూనే ఉంటుంది. ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు ఆగనట్టు. అందుకే రెండూ కలిపి కొలిచి, నిష్పత్తి చూస్తారు.

అమ్మగారికి కూడా ఒకసారి చేయించమనే నా సలహా. బీపీ అంకె ఇద్దరికీ ఒకటే అయినా, ఈ జబ్బున్నవాళ్ళకి మామూలు బీపీ వాళ్ళకంటే పక్షవాతం ముప్పు దాదాపు రెండున్నర రెట్లు, గుండె లయ తప్పే ముప్పు మూడున్నర రెట్లు ఉంటుందని 2018లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన విశ్లేషణ చెప్పింది. అంకె అదుపులో ఉంది కదా అని వదిలేయలేం.

ములుగు పీహెచ్‌సీ డాక్టర్:
పీజీ గారూ, మీరు చెప్పిన సైన్సుతో నాకు తగాదా లేదు. కానీ సొసైటీ వాడిన మాట ‘సూచిస్తున్నాం’. షరతులతో కూడిన సిఫారసు, ఆధారాలు తక్కువ స్థాయివి అని వాళ్ళే రాసుకున్నారు. అదే ఏడాది అమెరికా హృద్రోగ సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలు అంత దూరం పోలేదు. అందరికీ టెస్టు చేసిన చోట పక్షవాతాలు తగ్గాయని చూపించిన ట్రయల్ ఒక్కటి ఉంటే చెప్పండి.

ఇక మా సంగతి. బీపీ అదుపు కోసం 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌లో తెలంగాణ తొలి ఐదు రాష్ట్రాల్లో ఒకటి. ఆమ్లోడిపిన్, తగ్గకపోతే టెల్మిసార్టాన్, ఆ తర్వాత నీరు పోయే బిళ్ళ. అంతే పద్ధతి. ఇంత తేలికైన పద్ధతిలోనే నెలనెలా వచ్చి మందులు పట్టుకెళ్ళేవాళ్ళని నిలబెట్టుకోవడానికి మా ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరగాల్సి వస్తోంది. పత్తి ఏరే రోజుల్లో సగం కుర్చీలు ఖాళీ. వీళ్ళకి రెనిన్ టెస్టు అని చీటీ రాసిస్తే, జిల్లా దాటి వెళ్ళి కొన్ని వేలు పెట్టి ఎవరు చేయించుకుంటారు?

పైగా టెస్టు దగ్గర కథ ఆగదు. నిష్పత్తి ఎక్కువొస్తే కొందరికి నాలుగు గంటల పాటు రెండు లీటర్ల సెలైన్ ఎక్కించి మళ్ళీ కొలవాలి. తర్వాత సీటీ. వయసు పైబడ్డవాళ్ళలో సీటీ తీస్తే అడ్రినల్ మీద ఏదో ఒక చిన్న గడ్డ కనిపించడం మామూలే. దాన్ని చూసి ఇంటిల్లిపాదికీ క్యాన్సర్ భయం.

రిటైర్డ్ హెడ్‌మాస్టర్:
ఏభై ఏళ్ళుగా బిళ్ళతో తగ్గుతున్న బీపీకి ఇప్పుడు కొత్త టెస్టా? ల్యాబులు బతకాలిగా!

ఎండోక్రైన్ పీజీ:
మాస్టారూ, ల్యాబుల దందా మీద మీ కోపం న్యాయమే. అయితే ఇది ఏడాదికోసారి చేసే ప్యాకేజీ కాదు. ఈ జబ్బు ఉందని తేలితే వాడే మందు స్పైరోనోలాక్టోన్, ఆల్డోస్టిరాన్ పనిని అడ్డుకునేది, చాలా చవక, ఎప్పుడో 1960ల నుంచి వాడుతున్నది. టెస్టు చేయకపోతే ఆ మందు గుర్తుకే రాదు, అదీ నా బాధ.

ములుగు డాక్టర్ గారూ, మీరడిగిన ట్రయల్ లేదు, ఒప్పుకుంటాను. కానీ పాజిటివ్ వచ్చిన ప్రతివారూ సీటీ దాకా వెళ్ళక్కర్లేదు. అడ్రినల్ గ్రంథి తీసే ఆపరేషన్ వద్దనుకునేవాళ్ళకి నేరుగా మందు మొదలుపెట్టవచ్చు.

ములుగు పీహెచ్‌సీ డాక్టర్:
అలాగైతే టెస్టు ఎందుకు? బ్రిటన్‌లో చేసిన పాత్‌వే-2 ట్రయల్ 2015లో చెప్పిందిగా, మూడు మందులకి లొంగని బీపీకి నాలుగో మందుగా స్పైరోనోలాక్టోనే మేలని. నేరుగా ఇచ్చేస్తాను.

ఎండోక్రైన్ పీజీ:
టెల్మిసార్టాన్ మీద ఉన్నవాళ్ళకి అది కలిపితే పొటాషియం పెరిగిపోవచ్చు, కిడ్నీ బలహీనంగా ఉంటే మరీ ప్రమాదం. దానికైనా రక్తపరీక్ష తప్పదు కదా సార్. మగవాళ్ళలో రొమ్ములు పెరిగి నొప్పి పెట్టి, చెప్పుకోలేక మందు మానేసేవాళ్ళూ ఉన్నారు. ఎందుకు వాడుతున్నామో తెలిస్తే ఓర్చుకుంటారు, లేదా అదే పని చేసే ఇంకో మందు ఎప్లరినోన్‌కి మారుస్తాం.

శ్యామల, రాజమండ్రి:
నాకున్నది ఇదే జబ్బు. రాత్రిళ్ళు పిక్కలు పట్టేసి నిద్రలో అరిచేదాన్ని. అరటిపండు తిను, కొబ్బరినీళ్ళు తాగు అని అందరూ చెప్పారు, అన్నీ చేశాను. వయసు 40 దాటింది కదా, టెన్షన్లు అన్నారు. బీపీ బిళ్ళలు నాలుగుకి చేరాక ఒక డాక్టరమ్మ ఈ టెస్టు రాసింది.

సీటీలో ఎడమవైపు గడ్డ కనిపించినా వెంటనే ఆపరేషన్ చేయలేదు. ఆ గడ్డే హార్మోన్ వదులుతోందో లేదో తేల్చాలన్నారు. గజ్జల దగ్గర సన్నటి గొట్టం పెట్టి, లోపల రెండు అడ్రినల్ సిరల నుంచీ విడివిడిగా రక్తం తీస్తారు. మెలకువగానే ఉంటాం. ఎడమవైపు తొందరగానే అయిపోయింది. కుడివైపు సిర పొట్టిది, దొరకదు. డాక్టరు గారు స్క్రీన్ చూస్తూ "ఇంకొంచెం ఓపిక పట్టమ్మా" అంటూనే ఉన్నారు, నాకేమో నడుం పడిపోయింది. చివరికి ఎడమవైపే అని తేలింది. లాప్రోస్కోపీతో తీసేశారు. ఇప్పుడు ఒక్క బిళ్ళ మీద ఉన్నాను. పిక్కలు పట్టడం పోయింది.

ములుగు డాక్టరు గారూ, మీ ఇబ్బంది అర్థమైంది. కానీ నాలాంటి వాళ్ళు నాలుగో బిళ్ళ దాకా ఎందుకు ఆగాలి?

ఎండోక్రైన్ పీజీ:
శ్యామల గారి అనుభవం సరిగ్గా లెక్కలతో సరిపోతుంది. ఒకవైపు గ్రంథి తీయించుకున్నవాళ్ళలో హార్మోన్ తేడా 94 శాతం మందికి సర్దుకుంటుంది, బిళ్ళల అవసరమే లేకుండా పోయేది 37 శాతం మందికే. మిగిలినవాళ్ళలో చాలామందికి బిళ్ళలు తగ్గుతాయి. బీపీ ఏళ్ళ తరబడి ముదిరిపోతే రక్తనాళాలు గట్టిపడి వెనక్కి రావు. తొందరగా పట్టుకోవాలనేది అందుకే.

ల్యాబ్ మూర్తి:
టెస్టు చేసే పద్ధతి గురించి ఎవరూ మాట్లాడటం లేదు, రిపోర్టు తప్పొచ్చేది అక్కడే. రెనిన్ శాంపిల్‌ని ఐస్‌లో పెట్టకూడదు. చల్లదనానికి రక్తంలోని ప్రోరెనిన్ రెనిన్‌గా మారి అంకె పెరిగిపోతుంది, ఉన్న జబ్బు లేనట్టు కనిపిస్తుంది. శ్రద్ధ ఎక్కువై ఐస్ బాక్సులో పంపే కలెక్షన్ సెంటర్లని చూశాను. పొటాషియానికి ఇంకో తంటా. నరం దొరకడానికి గట్టిగా పట్టీ కట్టి, పిడికిలి బిగించి విప్పమంటే కండరంలోంచి పొటాషియం బయటికొస్తుంది, తక్కువున్నది మామూలుగా చూపిస్తుంది. ఊరూరా ఈ టెస్టు పెట్టమంటే ముందు ఇవి నేర్పాలి.

ములుగు పీహెచ్‌సీ డాక్టర్:
మూర్తి గారు నా పని సులువు చేశారు. అందరికీ అంటే ఇలాంటి రిపోర్టులు లక్షల్లో వస్తాయి. మా దగ్గర బీపీకి హార్మోన్ కారణం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆల్డోస్టిరాన్ కాదు. కీళ్ళ నొప్పులకని ఊళ్ళో వేయించుకునే స్టెరాయిడ్ సూదులు. మొహం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఎర్రటి చారలతో వస్తారు, బీపీ, షుగర్ రెండూ ఎక్కువ. దాన్ని పట్టడానికి టెస్టు అక్కర్లేదు, "ఏం సూదులు వేయించుకున్నావమ్మా" అని అడిగితే చాలు.

వైద్యుడి మనవరాలు:
మా ఇంట్లో దగ్గుకి అతిమధురం కషాయం రోజూ తాగుతారు. దానివల్ల కూడా బీపీ పెరుగుతుందంటే నమ్మొచ్చా?

ఎండోక్రైన్ పీజీ:
నమ్మొచ్చు. రెండు రోజులు తాగితే ఏమీ కాదు, వారాల తరబడి ఎక్కువగా తాగితే ఒంట్లోని ఇంకో అడ్రినల్ హార్మోన్ కార్టిసాల్‌ని కిడ్నీలో అణిచే ఎంజైమ్ పనిచేయదు. అప్పుడు ఆ కార్టిసాలే ఆల్డోస్టిరాన్ చేసే పని చేస్తుంది. బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది, టెస్టులో రెనిన్, ఆల్డోస్టిరాన్ రెండూ తక్కువొస్తాయి. డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

కుకట్‌పల్లి కుర్రాడు:
అన్నయ్య మెటోప్రొలాల్, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ వాడుతున్నాడు. టెస్టుకి ముందు ఆపాలా? అమ్మ విషయం ఇంకా తేలలేదు.

ఎండోక్రైన్ పీజీ:
సొంతంగా ఏదీ ఆపొద్దు తమ్ముడూ. మెటోప్రొలాల్ రెనిన్‌ని తగ్గించి నిష్పత్తి ఎక్కువ చూపిస్తుంది. టెల్మిసార్టాన్ రెనిన్‌ని పెంచి జబ్బుని దాస్తుంది, కాబట్టి దాని మీద ఉండి కూడా రెనిన్ తక్కువొస్తే అనుమానం బలపడుతుంది. మందుల చీటీ టెస్టు రిపోర్టుతో పాటు డాక్టరు గారి ముందు పెట్టండి. పొద్దున లేచి రెండు గంటలు అటూ ఇటూ తిరిగాక, కాసేపు కూర్చుని రక్తం ఇవ్వాలి. టెస్టని చెప్పి ఉప్పు మానేయొద్దు, ఉప్పు మానితే రెనిన్ పెరుగుతుంది. ఈ ఒక్కసారికి ఆవకాయ మనవైపే ఉంది.

ములుగు పీహెచ్‌సీ డాక్టర్:
అమ్మగారికి నేనైతే ముందు పొటాషియం, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తాను. పొటాషియం తక్కువొచ్చినా, బిళ్ళలు పెంచాల్సి వచ్చినా అప్పుడు రెనిన్ సంగతి. అన్నయ్యకి గనక ఈ జబ్బని ఖాయమైతే ఆవిడకీ అప్పుడే చేయించండి. తోబుట్టువులు కాబట్టి మీరు కూడా బీపీ చూపించుకోండి, ఎక్కువుంటే మీకూ ఇదే టెస్టు. అక్కడ నాకూ పీజీ గారికీ తేడా లేదు.