చొప్పడిన యూరా, చొప్ప పడిన యూరా?

(ఒక పోస్టు కింద సాగిన మాటలు. మనుషుల పేర్లకు బదులు ఊర్ల పేర్లు.)

దేవరకొండ: ఒక పాత కార్టూన్ బుర్రలోంచి పోవట్లేదు. కరువు రోజుల్లో పేపర్లో వచ్చింది, ఏ పేపరో గుర్తు లేదు. ఊరి పొలిమేర. ఆకు లేని వేపచెట్టు. రెండు బక్క ఎద్దుల్ని తోలుకొని ఒక రైతు నిలబడి ఉంటాడు. దూరంగా ఒకే ఒక్క ఇంటి ముందు చొప్ప కుప్ప. ఎడమ ఎద్దు నాలుక బయటపెట్టి అటే చూస్తుంటది. కింద సుమతీ శతకం లైను, ‘అప్పిచ్చువాడు వైద్యుడు’ పద్యంలో మూడో పాదం. అది ‘చొప్పడిన యూర నుండుము’ అని ఉందా, ‘చొప్ప పడిన యూర నుండుము’ అని ఉందా? నా టెన్షనంతా ఆ ఒక్క ‘ప’ గురించే. ఎవరి దగ్గరైనా కటింగు ఉందా?

కల్వకుర్తి: కటింగు లేదు, జవాబుంది. ‘చొప్పడిన’ అనే. అది కందం తమ్ముడూ. చొప్పడి, నయూర, నుండుము: భ, జ, భ గణాలు, ఒక్కోటి నాలుగు మాత్రలు. ‘చొప్ప పడిన’ అన్నావంటే పన్నెండు మాత్రల పాదంలో పదమూడు కూర్చుంటాయి. ఛందస్సు లక్షణాలు రాసిన కాకునూరి అప్పకవి ఇంటిపేరున్న ఊరు మన పాత పాలమూరు జిల్లాలోనే ఉంది. ఆ మర్యాదకైనా గణం చూసుకోవద్దా?

నల్లగొండ: సార్, కార్టూన్‌కు గణాలేంది? అప్పకవి లక్షణం చెప్పింది పద్యానికి, ఎద్దుకు కాదు. కావాలనే ‘ప’ ఎక్కువ వేసి ఉంటాడు. చదివేవాడు అక్కడ తట్టుకొని ఆగాలె, ఆగితేనే చొప్ప కనబడుతుంది.

కల్వకుర్తి: ఆగితే నవ్వు కూడా ఆగుతుంది. పద్యం అక్షరం కదలకుండా ఉండాలి, బొమ్మ మాత్రం దాని అర్థాన్ని తీసుకుపోయి ఎద్దు ముందు పడెయ్యాలి. ‘చొప్ప పడిన’ అని రాసినవాడు జోకు చెప్పి, మళ్లీ విప్పి చెప్పినట్టు. అట్లాంటిది నీకు ఇన్నేళ్లు గుర్తుండేదా?

పాలమూరు: ఇద్దరూ పద్యాన్ని పట్టుకొని మాటను వదిలేశారు. చొప్పడు అంటే కలుగు, దొరకు, అమరు. బళ్లో చెప్పిన అర్థం అదే: ఇవన్నీ దొరికే ఊళ్లో ఉండు, దొరకని ఊరికి పోకు. కానీ మా నారాయణపేట వైపు పిల్లలకు ఆ అర్థం ఎవడు చెప్పినా ఎక్కేది కాదు. జొన్న కోతలయ్యాక ఇంటిముందు కట్టలు పడితే అది చొప్పడిన ఊరే. పంతులు ‘కలుగు’ అని బోర్డు మీద రాస్తుంటే మేము కిటికీలోంచి చొప్ప బండిని చూసేవాళ్లం. ఆ కార్టూనిస్టు కూడా మాలాంటి బళ్లోనే చదివి ఉంటాడు. ఇక నా సిద్ధాంతం: చొప్పు + పడు = చొప్పడు. చొప్పు అంటే జాడ, తీరు. అంటే బద్దెన చేతికి వచ్చేసరికే ఒక ‘ప’ పోయింది. కార్టూన్‌లో ‘ప’ ఎక్కువ వేస్తే అది తప్పు కాదు, పాత బాకీ తీర్చడం.

నల్లగొండ: అక్కా, మస్తు. ‘అప్పిచ్చువాడు’ అని మొదలయ్యే పద్యంలో బాకీ తీర్చడం!

కల్వకుర్తి: మేడం, సిద్ధాంతం బాగుంది, సాక్ష్యమేది? ‘రోజుకు పది చొప్పున’ అనేదాంట్లోని చొప్పుకూ, దొంగ చొప్పుకూ చుట్టరికం ఒప్పుకుంటా. వాటిని తెచ్చి చొప్పడుకు కట్టబెట్టడానికి మాత్రం ఇంకా పెళ్లిచూపులు కూడా కాలేదు.

పాలమూరు: కట్టబెట్టనక్కర్లేదు సార్, వాళ్లే లేచిపోయారు.

సూర్యాపేట: ఆ ఎద్దు నాలుక వర్ణన చూస్తే నాకు కార్టూనిస్టు శేఖర్ గుర్తొచ్చాడు. ఆంధ్రజ్యోతిలో వేసినవాటిలో అయ్యుండొచ్చేమో, వెతికి చూడండి.

దేవరకొండ: అన్నా, మీ ఊరివాడని ప్రతి మంచి బొమ్మనూ ఆయన ఖాతాలో వేస్తే ఎట్లా? నేను చెప్పేది ఇంకా పాతది.

సూర్యాపేట: ఊరివాడు కాబట్టే అంటున్నా. 2014 మే 19న పోయాడు, నలభై తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఆయన గీతలో పెద్దమనుషుల పొట్టలు చూడు, పేదోడి మోకాలి చిప్ప చూడు. పేపర్ రాగానే మా నాయిన హెడ్డింగులు చూసేవాడు కాదు. ఈనాడులో శ్రీధర్ ‘ఇదీ సంగతి’, తర్వాత రాశిఫలం, ఆ తర్వాతే ప్రభుత్వం. చదువు పెద్దగా రాని మా బాబాయి కూడా బొమ్మ చూసి ఎవరిని తిట్టారో చెప్పేసేవాడు. సంపాదకీయానికి ఆ భాగ్యం ఉందా?

మిర్యాలగూడ: ఈ గొడవలో ఒక ముక్క. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన కామన్ మ్యాన్‌ను చూడండి. 1951 నుంచి చౌకళ్ల కోటు వేసుకొని అందరి మాటలూ వింటాడు, తను నోరు విప్పడు. అతని బదులు మనం మాట్లాడతాం, అందుకే అతను మనవాడు. ఈ కార్టూన్‌లో రైతు మాట్లాడాడా, లేదా? కింద ఉన్న లైను ఎవరిది? అది చెప్పకుండా ‘ప’ తేలదు. రైతు అంటే ‘చొప్ప పడిన’ అనే అంటాడు. కార్టూనిస్టు అంటే ‘చొప్పడిన’ అంటాడు.

దేవరకొండ: ఇది నాకు తట్టలేదు. రైతు నోరు మూసే ఉంటుంది. తెరిచింది ఎద్దు ఒక్కటే.

మిర్యాలగూడ: అయితే లైను ఎద్దుది.

నల్లగొండ: అప్పుడు గణాలు అసలే అడగకండి సార్.

కల్వకుర్తి: కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అన్నారు. ఎద్దు కందం చెబితే అదీ కవే, గణం తప్పడానికి దానికి మాత్రం ఏం హక్కుంది? సిరిసిరిమువ్వా అని మకుటం పెట్టి శ్రీశ్రీ ఎంత అల్లరి చేసినా కందాన్ని కుంటించలేదు. ఆయన్నే పేరడీ చేసి ఏడిపించిన జరుక్ శాస్త్రిని తీసుకోండి. శ్రీశ్రీ నడక శ్రీశ్రీకే వినబడేలా రాసేవాడు, అందులోకి వంకాయో ఉల్లిపాయో వచ్చి కూర్చునేది. నడక చెడితే అది పేరడీ కాదు, ఉత్త వెక్కిరింత. నేను డిగ్రీలో ఉండగా జరుక్ శాస్త్రి పేరడీలు ముందు చదివి, తర్వాత శ్రీశ్రీ దగ్గరికి వెళ్లాను. ఇప్పటికీ కొన్ని చోట్ల అసలు పద్యం కంటే కొసరే ముందు నోటికొస్తుంది.

పాలమూరు: సార్, మీరు జరుక్ శాస్త్రి దగ్గరికి వెళ్తే రాత్రికి గాని తిరిగి రారు. ఇది పేరడీ కాదు, ఉన్న పద్యాన్ని ఉన్నట్టు తెచ్చి పెట్టడం.

కల్వకుర్తి: ‘ఉన్నట్టు’ అన్నారు కదా. అంటే ‘చొప్పడిన’. ధన్యవాదాలు.

అచ్చంపేట: కొత్తవాణ్ని. రెండో పాదం ఎవరూ చూడలేదు. ‘నేఱును ద్విజుడున్’లో ద్వి ముందున్న ‘ను’ గురువు కదా? అక్కడ భ కాస్తా ర అయిపోతుంది. బద్దెనే గణం తప్పితే కార్టూనిస్టును అడిగేదేముంది?

కల్వకుర్తి: బాబూ, సమాసం కాదు. వేరే మాట మొదట్లో ఉన్న సంయుక్తాక్షరం ముందుమాట చివరి అక్షరాన్ని గురువు చెయ్యదు. ‘ను’ లఘువే. బద్దెన జోలికి రాకు.

అచ్చంపేట: అది బద్దెనదే అని కూడా తేలలేదంటారు కదా సార్?

కల్వకుర్తి: ఆ గొడవకు వేరే పోస్టు పెట్టు.

మిర్యాలగూడ: రెండో పాదంలో నన్ను ఆపేది ఏరు. ఎప్పుడూ ఎడతెగక పారే ఏరున్న ఊళ్లోనే ఉండాలంటే నల్లగొండలో కృష్ణ ఒడ్డు, మూసీ ఒడ్డే మిగులుతాయి, మూసీ కూడా హైదరాబాద్ మురుగు పుణ్యమా అని. డిండి వాగు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ పద్యాన్ని అక్షరాలా పాటిస్తే సగం జిల్లా ఖాళీ.

పాలమూరు: ఖాళీ అయింది కదా అన్నా. పాలమూరు లేబర్ అని పేరు ఊరికే రాలేదు. వైద్యుడు లేడు, ఏరు లేదు, అప్పిచ్చువాడు మాత్రం ప్రతి ఊళ్లో ఉండె. పద్యంలో మొదటివాడు ఒక్కడే చొప్పడ్డాడు. ఆ కార్టూన్‌లో రైతు ఊళ్లోకి వస్తున్నాడా, పోతున్నాడా? ఎద్దులు ఎటు తిరిగున్నాయి?

దేవరకొండ: ఊరి వైపే. కానీ రైతు మొహం ఇటు, మనవైపు.

నల్లగొండ: చూశారా, ప్రతి ఒక్కరికీ ఆ బొమ్మలో ఒక్కోటి దొరుకుతోంది. బొమ్మ చూసింది ఒక్కడే!

సూర్యాపేట: ఒక ఇంగ్లీషు సంగతి చెప్పి పోతా. షుల్జ్ గీసిన పీనట్స్ కామిక్ స్ట్రిప్ 1950లో మొదలైంది, 1988 దాకా రోజూ నాలుగు సమానమైన గళ్లు. పేపర్‌వాళ్లు చోటును బట్టి అడ్డంగా, నిలువుగా, చదరంగా ఎట్లా కావాలంటే అట్లా పేర్చుకోవచ్చని. పెద్దవాళ్లు కనబడరు, పిల్లలే లోకం. యాభై ఏళ్లు తనొక్కడే గీశాడు. నాలుగు గళ్లు, నాలుగు పాదాలు. కందం కూడా కామిక్ స్ట్రిప్పే అని నా వాదన.

కల్వకుర్తి: కందం పాదాలు సమానం కావు. ఒకటి, మూడు పొట్టి. రెండు, నాలుగు పొడుగు. మీ షుల్జ్‌కు అప్పకవి పరిచయం లేదు.

సూర్యాపేట: అందుకే సార్, మూడో గడిలో ఊపిరి బిగబట్టి నాలుగో దాంట్లో వదలడం కందంలోనే ఇంకా బాగా కుదురుతుంది. ‘నుండుము’ అని మూడులో ఆగు. నాలుగులో ‘చొరకుము’ అని తలుపు వేసెయ్. కార్టూన్ వేసినాయన నాలుగో పాదం రాశాడా మరి?

దేవరకొండ: లేదు. మూడుతోనే ఆగింది. ఆ మాట మాత్రం ఖాయం.

పాలమూరు: అయితే నాలుగోది మనం మనసులో చదువుకున్నదే. సార్, ఇక్కడ మీతో ఒప్పుకుంటున్నా. ‘ప’ విషయంలో మాత్రం కాదు.

అచ్చంపేట: ఇంత చొప్పదంటు ప్రశ్నకు ఇన్ని జవాబులా!

కల్వకుర్తి: ఆగాగు. చొప్పదంటు ప్రశ్న అంటే పసలేని ప్రశ్న అని ఎట్లా వచ్చింది? జొన్నదంటు చీల్చి నమిలితే తియ్యగా ఉంటుంది కదా?

పాలమూరు: కోసిన చొప్ప ఎండితే దంటులో రసం పోతుంది, అందుకని. పచ్చిదంటుకు ఆ పేరు లేదు.

నల్లగొండ: కాదక్కా, మా ముత్తవ్వ వేరే చెప్పేది. రాస్తా ఆగండి, బస్సు దిగాలె.