క్రూజర్ అయితే హాయి, స్పోర్ట్స్ అయితే మజా: ఈ లెక్క మన రోడ్ల మీద నిలబడుతుందా?

ఒంగోలు_దారి

"కూర్చుని హాయిగా పోవాలంటే క్రూజర్, మజా కావాలంటే స్పోర్ట్స్ బండి." ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. క్రూజర్ అంటే కాళ్లు ముందుకు చాపుకుని కూర్చునే బండి, స్పోర్ట్స్ అంటే ఒళ్లు ముందుకు వంచి నడిపేది. మా మేనమామ కొడుకు ఈ మాట పట్టుకునే షోరూమ్‌ల చుట్టూ తిరుగుతున్నాడు. నేను మాత్రం ఒప్పుకోను. హ్యాండిల్, సీటు, ఫుట్‌రెస్ట్ ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయి, షాకబ్జర్లు ఎంత లోతుకు దిగుతాయి, మనం తిరిగే రోడ్డు ఎలాంటిది, ముందు ఇవి చూడాలి. సీసీలూ హార్స్‌పవరూ ఆ తర్వాతే.

దీన్ని తేల్చుకోవడానికి మంచి దారి ఒకటుంది. ఒకే ఇంజన్‌తో వచ్చే బండ్లను పక్కపక్కన పెట్టి చూడటం. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్, క్లాసిక్, హంటర్ మూడింటిలోనూ అదే 349 సీసీ ఇంజన్, అదే 20 హార్స్‌పవర్, అదే 27 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం). అయినా మూడూ ఎక్కి దిగినవాడు మూడూ వేరే బండ్లనే అంటాడు. మీటియర్ సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, కాళ్లు ముందుకు చాపుకుంటాం. క్లాసిక్ సీటు 805, పాదాలు దాదాపు మోకాళ్ల కిందికే వస్తాయి. హంటర్‌కి రెండు చక్రాలూ 17 అంగుళాలవే, బరువు 181 కిలోలు, అంటే క్లాసిక్ కంటే 14 కిలోలు తక్కువ. అందుకే సందుల్లో అంత చురుగ్గా తిరుగుతుంది.

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా 16వ నంబరు హైవే మీద సుమారు 120 కిలోమీటర్లు మీటియర్ మీద పోతే ఎవరికైనా నచ్చుతుంది. అదే బండి మీద చీమకుర్తి మీదుగా పొదిలి వైపు వెళ్లి చూడండి. గ్రానైట్ దిమ్మెల లారీలు తిరిగే రోడ్డు అది. లోడు బరువుకు తారు కుంగినచోటల్లా దెబ్బ నేరుగా నడుముకే తగులుతుంది. హాయి అన్నది ఆ హైవేతోనే అయిపోతుంది.

కావలి_350

అన్నా, నాది మీటియరే. కావలి నుంచి నెల్లూరుకు డ్యూటీకి దీని మీదే పోయి వస్తా. 75, 80 మధ్య పెట్టి వదిలేస్తే భుజాలు బిగుసుకోవు, మెడ లాగదు. దిగాక ఇంట్లో ఇంకో పని చేసుకునే ఓపిక ఉంటుంది. నాకు సుఖం అంటే ఇదే.

ఇంకో మాట. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనతాయి. 191 కిలోల బండి పక్కకి ఒరుగుతుందేమోనన్న టెన్షన్ లేదు. పొడుగు మనుషులు రాసే రివ్యూల్లో ఈ సంగతి కనిపించదు. మునివేళ్ల మీద నిలబడి బండిని ఆపుకునేవాడికి ఎంత మంచి షాకబ్జర్లు ఇచ్చినా ఊళ్లో సుఖం ఉండదు.

ఒంగోలు_దారి

సీటు ఎత్తు సంగతి నువ్వు చెప్పింది నిజం తమ్ముడూ, కాదనను. గుంతల దగ్గరే మన తేడా. నిటారుగా కూర్చునే బండి మీద గుంత కనబడగానే మనకు తెలియకుండానే బరువంతా పాదాల మీద వేసి కొంచెం పైకి లేస్తాం. దెబ్బలో సగం మోకాళ్లే తీసుకుంటాయి. కాళ్లు ముందుకు చాపిన బండి మీద అలా లేవడం కుదరదు. లేవాలంటే హ్యాండిల్ పట్టుకుని ఒంటిని లాక్కోవాలి. దాంతో బరువంతా వెన్ను అడుగున ఉన్న ఎముక మీదే పడుతుంది. మెత్తటి సీటు వేయించుకున్నా ఆ దెబ్బ తగ్గదు. ఎక్కువసేపు కూర్చుంటే ఆ మెత్తన కూడా అణిగిపోయి కింద రేకు తగులుతున్నట్టే ఉంటుంది.

ఆర్15_నెల్లూరు

స్పోర్ట్స్ బండి అంటే మణికట్టు నొప్పి అని అందరూ రాసేస్తున్నారు. ఎందుకొస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. మోకాళ్లతో ట్యాంకు గట్టిగా పట్టుకోకుండా ఒంటి బరువంతా చేతుల మీద వేస్తే ఎవరికైనా నొప్పే. తొడలతో పట్టు దొరికితే చేతులు వదులుగా ఉంటాయి. 80 దాటాక ఎదురుగాలి ఛాతీని కొంచెం పైకి నెట్టి ఆ భారం కూడా తగ్గిస్తుంది. కావలి అన్న క్రూజర్ మీద అదే వేగంలో గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది. హ్యాండిల్ పట్టుకుని వేలాడాల్సిందే.

ఒకే ఇంజన్ పోలిక ఇక్కడా ఉంది. ఆర్15లోనూ ఎంటీ15లోనూ యమహావాళ్లది అదే 155 సీసీ లిక్విడ్ కూల్డ్ (ద్రవంతో చల్లబరిచే) ఇంజన్. ఆర్15కి హ్యాండిల్ కిందికి, ఎంటీ15కి పైకి. మాగుంట లేఅవుట్, వీఆర్సీ సెంటర్ ట్రాఫిక్‌లో ఎంటీ15 నయం, అందులో వాదన లేదు. కానీ పొద్దున్నే మైపాడు దారిలో ఖాళీగా ఉన్న మలుపు తిప్పేటప్పుడు ముందు టైరు రోడ్డును ఎక్కడ పట్టుకుందో ఆర్15 మీద అరచేతికి తెలుస్తుంది. ఛాతీ ముందుకు వంగడం వల్ల ముందు చక్రం మీద బరువు పడుతుంది, అందుకే తెలుస్తుంది. ఆ ఒక్క మలుపు కోసమే నేను మిగతా ఇబ్బంది భరిస్తా.

వెనక_సీటు

ఇంతసేపూ నడిపేవాళ్ల సుఖం గురించే మాట్లాడుకున్నారు. వెనక కూర్చునేవాళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. నాకు సొంత స్కూటీ ఉంది. దూరం పోయేటప్పుడు మాత్రం మావారి బండి వెనకే.

ఆర్15 తమ్ముడూ, మీ బండి వెనక సీటు నడిపే సీటు కంటే బాగా ఎత్తు, పైగా ముందుకు వాలుగా ఉంటుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ కూర్చున్న మనిషి ముందుకు జారుతుంది. చీర కట్టుకుని ఒకవైపు కూర్చునే మా అత్తగారి వయసువాళ్లని దాని మీద ఎక్కించడం ప్రమాదం. మా తమ్ముడి ఆర్15 వెనక కూర్చుని పెంచలకోన పోయి వచ్చినప్పుడు నడుం కంటే ముందు తొడలు పట్టేశాయి. జారకుండా ఆపుకోవడానికి దారంతా బిగబట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది మరి. మావారి క్లాసిక్ మీద అదే దారి సులువుగా అయిపోయింది. సీటు వెడల్పు, పట్టుకోవడానికి వెనక కమ్మీ, పాదం మొత్తం ఆనే ఫుట్‌రెస్ట్. ఇంతకు మించి నేను అడిగేదేమీ లేదు.

షోరూమ్‌లో టెస్ట్ రైడ్ అంటే మగవాళ్లు ఒక్కరే ఒక చుట్టు తిప్పి వస్తారు. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని తిప్పండి. ఇద్దరి బరువుతో స్పీడ్ బ్రేకర్ ఎక్కితే బండి అసలు గుణం బయటపడుతుంది.

నల్లమల_గాలి

మార్కాపురం నుంచి రాస్తున్నా. మాకు మజా అంటే దోర్నాల నుంచి శ్రీశైలం దాకా ఉన్న ఘాట్. అది పులుల అభయారణ్యం. రాత్రి వాహనాలు వదలరు, పగలు కూడా మెల్లగా పోవాల్సిన దారి. కోతులు, దుప్పులు ఎప్పుడు అడ్డం వస్తాయో తెలియదు. అక్కడ స్పీడు గురించి మాట్లాడేవాళ్లంటే నాకు నిజంగా కోపం. 40లో పోతూ కూడా మలుపు మలుపునా ఆనందం ఇచ్చే బండి ఏది? నేనైతే హీరోవాళ్ల ఎక్స్‌పల్స్ 200 అంటా, గతుకుల దారుల కోసం చేసిన బండి. ముందు చక్రం 21 అంగుళాలు, ముందు షాకబ్జర్లు 190 మిల్లీమీటర్లు దిగుతాయి. మీటియర్‌కి అది 130. గుంత వస్తే ఫుట్‌రెస్టుల మీద నిలబడతా, బండి కింద దాని పని అది చూసుకుంటుంది. హైవే ఎక్కితే మాత్రం ఎక్స్‌పల్స్ ఆయాసపడుతుంది, లారీ దాటాలంటే ముందే లెక్క వేసుకోవాలి.

స్ప్లెండర్‌ని కూడా చిన్నచూపు చూడకండి. 112 కిలోల బండి. హ్యాండిల్ తేలిక, ఎటు చూస్తే అటు తిరుగుతుంది. మా నాన్నతో సహా ఈ ఘాట్‌లో ఏళ్ల తరబడి దాని మీద తిరిగినవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు.

పొదిలి_షెడ్డు

నేను మెకానిక్‌ని. బండి రకం మీద కొట్లాడుకునే ముందు రెండు సంగతులు చూసుకోండి. ఒకటి టైర్లలో గాలి. మైలేజీ వస్తుందని బంకులో గట్టిగా కొట్టించుకుంటారు. గట్టి టైరు చిన్న రాయిని కూడా సీటు దాకా తెస్తుంది, వానలో పట్టు కూడా తగ్గుతుంది. చైన్ కవర్ మీద స్టిక్కర్ ఉంటుంది, ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని. దాని ప్రకారం కొట్టించండి.

రెండోది వెనక స్ప్రింగు. షెడ్డుకు వచ్చే బండ్లలో ఇది ముట్టుకున్నవి చాలా తక్కువ. మీటియర్, క్లాసిక్‌లకు స్ప్రింగు బిగువు మార్చుకోవడానికి 6 మెట్లు ఉంటాయి, టూల్ కిట్‌లో వచ్చే కొక్కెం పానాతో తిప్పడమే. ఎప్పుడో ఎవరో ఇద్దరి కోసమని బిగించి ఉంటారు, మనిషి ఒంటరిగా తిరుగుతూ బండి ఎత్తేస్తోందని తిట్టుకుంటాడు. కావలి తమ్ముడు భుజాలు, మెడ నొప్పి లేదన్నాడు కానీ, ఆయన ఏ మెట్టు మీద తిరుగుతున్నాడో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఎండాకాలం కూడా లెక్కలో వేసుకోండి. రోహిణి కార్తెలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే లిక్విడ్ కూల్డ్ బండి ఫ్యాన్ తిరిగి వేడిగాలి పిక్కల మీదకి కొడుతుంది. పెద్ద సింగిల్ సిలిండర్ స్పోర్ట్స్ బండ్లలో ఇది మరీ ఎక్కువ. ఆ నెలలో ఒంగోలు ట్రంకురోడ్డు మీద అరగంట తిరిగినవాడెవడూ దాన్ని మజా అనడు.

కావలి_350

ఇప్పుడే చూశా అన్నా, రెండో మెట్టు మీద ఉంది. నేనొక్కడినే తిరుగుతా కాబట్టి మొదటి దానికి తెస్తా. అయినా హైవే విషయంలో నా మాట మార్చుకోను. పొదిలి రోడ్డు మీద ఎప్పుడో ఒకసారి పోయే పని కోసం రోజూ పోయే దారిలో హాయి వదులుకోమంటే ఎలా?

ఒంగోలు_దారి

వదులుకోమనడం లేదు తమ్ముడూ. మా మేనమామ కొడుకుది నీ రోజు లాంటిది కాదు. వాడి పని చీమకుర్తి క్వారీల దగ్గర, ఆదివారం వాళ్లమ్మని, అంటే మా అత్తని ఎక్కించుకుని దర్శి పోతాడు. 350 సీసీ దాటితే జీఎస్టీ 40 శాతం, లోపలైతే 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమే. అందుకని రాయల్ ఎన్‌ఫీల్డ్‌వాళ్ల హిమాలయన్ 450 ముందే పక్కకి పోయింది. చివరికి క్లాసిక్, ఎక్స్‌పల్స్ మిగిలాయి. వెనక_సీటు అక్క చెప్పినట్టు రేపు అత్తని కూడా తీసుకుని రెండూ తిప్పిస్తా. ఎక్స్‌పల్స్ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. ఆవిడ ఎక్కగలిగితే అది, లేకపోతే క్లాసిక్.